1.5 టెస్లా, 3 టెస్లా అంటే అసలేంటి? ఎమ్మారైకి వెళ్లే ముందు అర్థం చేసుకోవాల్సిన మాట

షేక్‌పేట నాలా నుంచి టోలిచౌకి వైపు వెళ్లినా, ఫిల్మ్‌నగర్ మీదుగా జూబ్లీహిల్స్ ఎక్కినా దారి పొడవునా డయాగ్నస్టిక్ సెంటర్ల బోర్డులు కనబడతాయి. వాటి మీద పెద్ద అక్షరాల్లో ‘1.5 టెస్లా ఎమ్మారై’, ‘3 టెస్లా ఎమ్మారై’ అని రాసి ఉంటుంది. అబ్బాకు నడుం నొప్పి అనో, అమ్మకు తలనొప్పి తగ్గట్లేదనో డాక్టర్ స్కాన్ రాస్తే ఇంట్లో మొదలయ్యే చర్చ ఈ నంబర్ మీదే. ‘మూడు టెస్లా అంటే డబుల్ పవర్ అంట, అక్కడికే పోదాం’ అని ఒకరు, ‘వద్దు, రేడియేషన్ ఎక్కువ తగులుతుంది’ అని ఇంకొకరు. ‘అది టెస్లా కార్ల కంపెనీ మెషినా?’ అని అడిగేవాళ్లూ ఉన్నారు.

ఈ మూడూ తప్పే. టెస్లా అంటే కరెంటు పవర్ కాదు, రేడియేషన్ కొలత కాదు, కంపెనీ పేరు కాదు. అయస్కాంత క్షేత్రం ఒక చోట ఎంత బలంగా ఉందో చెప్పే యూనిట్ అది. ఈ మాటను సరిగ్గా పట్టుకోవడం ఇంటర్ పరీక్ష రాసే పిల్లలకే కాదు, ఒంట్లో పేస్‌మేకర్, స్టెంట్, స్టీల్ రాడ్ లాంటివి ఉన్న ప్రతి ఒక్కరికీ అవసరం. ఎందుకంటే వాళ్లకు ఇచ్చే కార్డు మీద ఉండే ముఖ్యమైన అంకెల్లో ఇదొకటి.

పేరు ఎక్కడి నుంచి వచ్చింది?

నికోలా టెస్లా 1856లో పుట్టి, అమెరికాలో స్థిరపడిన శాస్త్రవేత్త, ఇంజినీర్. మన ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటు వ్యవస్థ, ఏసీ మోటార్ల అభివృద్ధిలో ఆయన పాత్ర పెద్దది. 1960లో జరిగిన అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ ఆయన గౌరవార్థం ఈ యూనిట్‌కు ఆ పేరు పెట్టింది. కార్ల కంపెనీ 2003లో మొదలైంది. అదీ ఆయన పేరే పెట్టుకుంది. స్కానింగ్ మెషిన్‌కూ ఆ కంపెనీకీ ఏ సంబంధం లేదు.

టెస్లా కంటే ముందు నుంచి వాడుకలో ఉన్న యూనిట్ గాస్. జర్మన్ గణిత శాస్త్రవేత్త గాస్ పేరు మీద వచ్చింది. 1 టెస్లా అంటే 10,000 గాస్. కొన్ని ఆస్పత్రుల్లో ఎమ్మారై గది దగ్గర ‘5 గాస్’ అని గీత గానీ బోర్డు గానీ ఉంటుంది. అది టెస్లాలో చెప్పాలంటే 0.0005 మాత్రమే. ఆ చిన్న అంకె ఎందుకు పెట్టారో కింద చూద్దాం.

వాన లెక్కతో అర్థం చేసుకుందాం

వానాకాలంలో వార్తల్లో ‘షేక్‌పేటలో 8 సెంటీమీటర్ల వర్షం’ లాంటి మాట వింటూనే ఉంటాం. ఆ 8 సెంటీమీటర్లు మొత్తం ఎంత నీరు పడిందో చెప్పదు. ఆ చోట ఎంత గట్టిగా పడిందో చెబుతుంది. డాబా మీద పెట్టిన టబ్బులోనూ 8 సెంటీమీటర్లే, పక్కన మల్కం చెరువు మీదా 8 సెంటీమీటర్లే. కానీ టబ్బులో చేరిన నీరు ఎంత, చెరువులో చేరిన నీరు ఎంత?

టెస్లా కూడా అలాంటిదే. ఒక చోట అయస్కాంత క్షేత్రం ఎంత చిక్కగా ఉందో అది చెబుతుంది. మొత్తం ఎంత ఉందో చెప్పడానికి వేరే యూనిట్ ఉంది, దాని పేరు వెబర్. ఒక చదరపు మీటరు వైశాల్యం గుండా ఒక వెబర్ అభివాహం నిటారుగా వెళితే అక్కడి బలం 1 టెస్లా. పుస్తకాల్లో దీన్నే ‘అయస్కాంత అభివాహ సాంద్రత’ అంటారు. పేరు పొడవుగా ఉంది గానీ, లోపలి సంగతి వాన లెక్కే.

ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల డబ్బింగ్, మిక్సింగ్ స్టూడియోలకు కొదవ లేదు. అక్కడ వాడే మంచి స్పీకర్ ఒకటి తీసుకోండి. దాని వెనక గుండ్రటి అయస్కాంతం ఉంటుంది. తీగ చుట్ట కదిలే సన్నటి సందులో క్షేత్రం సుమారు 1 టెస్లా దాకా ఉంటుంది. ఎమ్మారై మెషిన్‌లో 1.5 టెస్లా. అంకెలు చూస్తే పెద్ద తేడా లేదు. మరి స్పీకర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాం, ఎమ్మారై గదిలోకి మాత్రం తాళం చెవి కూడా తీసుకెళ్లనివ్వరు. ఎందుకు?

స్పీకర్‌లో ఆ 1 టెస్లా ఉన్నది కొన్ని మిల్లీమీటర్ల సందులో. ఎమ్మారైలో 1.5 టెస్లా ఉన్నది మనిషి పట్టే సొరంగంలో. దాని నోరే 60, 70 సెంటీమీటర్ల వెడల్పు. మొదటిది టబ్బు, రెండోది చెరువు. అందుకే ఒక్క టెస్లా అంకె చూసి ‘పవర్ ఇంత’ అనడం తప్పు. ఎంత చోటులో, ఎక్కడ అనేది కూడా చూడాలి.

1 టెస్లా ఎంత పెద్దది?

పాఠ్యపుస్తకం నిర్వచనం సులువే. ఒక మీటరు పొడవున్న తీగలో 1 ఆంపియర్ కరెంటు వెళుతోంది. ఆ తీగ క్షేత్రానికి అడ్డంగా, అంటే లంబంగా ఉంది. అప్పుడు తీగ మీద 1 న్యూటన్ బలం పడితే అక్కడి క్షేత్రం 1 టెస్లా. ఒక న్యూటన్ అంటే దాదాపు 100 గ్రాముల వస్తువు బరువు. వినడానికి చిన్నదిగా అనిపిస్తుంది గానీ ప్రకృతిలో మన చుట్టూ ఉన్నదానితో పోలిస్తే 1 టెస్లా చాలా పెద్దది.

మనం నిలబడ్డ నేలకే అయస్కాంత క్షేత్రం ఉంది. దిక్సూచి ముల్లు తిరిగేది దానివల్లే. హైదరాబాద్‌లో దాన్ని కొలిచే కేంద్రం కూడా ఉంది. ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్ఐ, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1960ల నుంచి భూమి అయస్కాంత క్షేత్రాన్ని నమోదు చేస్తోంది. మెట్రోలో నాగోల్ వైపు వెళ్లేవాళ్లకు ఆ సంస్థ పేరుతో స్టేషన్ కూడా తెలుసు. చౌటుప్పల్ దగ్గర కూడా ఆ సంస్థకు ఇలాంటి కేంద్రం ఉంది. ఈ కొలతలకు టెస్లా మరీ పెద్దది కాబట్టి టెస్లాలో వంద కోట్లవ వంతైన నానోటెస్లా వాడతారు. మన ప్రాంతంలో భూమి క్షేత్రం 40 వేల నానోటెస్లాలకు కాస్త పైన ఉంటుంది. అంటే 0.00004 టెస్లా చిల్లర.

ఇప్పుడు పోల్చుకోండి. 1.5 టెస్లా మెషిన్‌లోని క్షేత్రం మన కాళ్ల కింది భూమి క్షేత్రానికి 30 వేల రెట్లకు పైనే. 3 టెస్లా అంటే 60 వేల రెట్లకు పైనే. ఫ్రిజ్ మీద అంటించే బొమ్మ అయస్కాంతం కొన్ని మిల్లీటెస్లాలు మాత్రమే, అంటే టెస్లాలో వెయ్యో వంతుల లెక్క.

రెండు మాటలు, రెండు యూనిట్లు: విద్యార్థులు తికమక పడేది ఇక్కడే

ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్ చదివేవాళ్లకు ఇక్కడో చిక్కు ఉంది. పుస్తకంలో ‘బి’ అనే రాశి ఉంటుంది, ‘హెచ్’ అనే రాశి ఉంటుంది. రెండిటికీ తెలుగులో ‘అయస్కాంత’ అని మొదలయ్యే పేర్లే. పత్రికల్లో, మామూలు మాటల్లో ‘అయస్కాంత క్షేత్ర తీవ్రత’ అని రాస్తే చాలాసార్లు ‘బి’ అనే అర్థం. పాఠ్యపుస్తకంలో ‘అయస్కాంత తీవ్రత’ అంటే ‘హెచ్’. పేరును బట్టి పోతే దారి తప్పుతాం. యూనిట్‌ను బట్టి పోతే తప్పం.

‘హెచ్’ యూనిట్ మీటరుకు ఇన్ని ఆంపియర్లు. తీగ చుట్టలో మనం పంపిన కరెంటు వల్ల ఎంత ఒత్తిడి పెట్టామో అది చెబుతుంది. ‘బి’ యూనిట్ టెస్లా. ఆ ఒత్తిడికి అక్కడున్న పదార్థం కూడా స్పందించాక చివరికి ఎంత క్షేత్రం ఏర్పడిందో అది చెబుతుంది. చుట్ట లోపల ఖాళీగా, అంటే గాలి మాత్రమే ఉంటే ఈ రెండూ ఒకే నిష్పత్తిలో నడుస్తాయి. 1 టెస్లా రావాలంటే మీటరుకు దాదాపు 8 లక్షల ఆంపియర్లు కావాలి. అదే చుట్టలో మెత్తటి ఇనుము పెడితే కొద్ది కరెంటుతోనే ఎన్నో రెట్లు ఎక్కువ క్షేత్రం వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో, బోరు మోటార్‌లో ఇనుప రేకులు పెట్టేది ఇందుకే.

కాబట్టి పరీక్షలో జవాబు టెస్లాలో వస్తే అది ‘బి’. మీటరుకు ఆంపియర్లలో వస్తే ‘హెచ్’. ఒకదాని యూనిట్ ఇంకోదానికి రాస్తే మార్కులు పోతాయి. గాస్‌లో ఇచ్చిన లెక్కను ముందుగా 10,000తో భాగించి టెస్లాలోకి మార్చుకోవాలి. నీట్, ఎప్‌సెట్ రాసే పిల్లలు తొందరలో మర్చిపోయేది ఇదే.

మన ఊరికి ఈ పదాల పనిలో పాత చరిత్ర ఉంది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైనప్పుడు సైన్స్ పుస్తకాలు ఉర్దూలోకి తేవడానికి దారుత్తర్జుమా అనే అనువాద విభాగం పనిచేసింది. ఉర్దూలో అయస్కాంతాన్ని మిఖ్నాతీస్ అంటారు. గ్రీకు మూలం నుంచి అరబీ మీదుగా వచ్చిన మాట. ఇంగ్లిష్ మ్యాగ్నెట్‌కూ మూలం అదే. అయస్కాంత క్షేత్రాన్ని ఉర్దూలో మిఖ్నాతీసీ మైదాన్ అంటారు. తెలుగులో క్షేత్రం, ఉర్దూలో మైదాన్. రెండూ నేలను గుర్తు చేసే మాటలే. మైదానంలో ఒక మూల గడ్డి ఎక్కువ, ఇంకో మూల తక్కువ ఉన్నట్టే అయస్కాంత క్షేత్రమూ చోటును బట్టి మారుతుంది. టెస్లా చెప్పేది ఏ చోట ఎంత అనే.

స్కాన్‌లో ఆ నంబర్ చేసే పని

మన ఒంట్లో నీరు, కొవ్వు నిండా ఉన్నాయి. వాటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు చిన్న చిన్న అయస్కాంతాల్లా ప్రవర్తిస్తాయి. బలమైన క్షేత్రంలో పడుకోబెడితే వాటిలో కొద్ది భాగం ఎక్కువగా ఒక వైపుకు మొగ్గుతాయి. అప్పుడు రేడియో తరంగం పంపి వాటిని కదిలిస్తే అవి తిరిగి సిగ్నల్ ఇస్తాయి. దాన్ని పట్టుకుని కంప్యూటర్ బొమ్మ గీస్తుంది. ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో వాడే కిరణాలు ఇందులో ఉండవు. కాబట్టి ‘టెస్లా పెరిగితే రేడియేషన్ పెరుగుతుంది’ అనే మాటకు అర్థం లేదు.

ఎంత ఫ్రీక్వెన్సీ తరంగం పంపాలో నిర్ణయించేది కూడా టెస్లానే. ఒక్కో టెస్లాకు సుమారు 42.6 మెగాహెర్ట్జ్. 1.5 టెస్లాకు దాదాపు 64, 3 టెస్లాకు దాదాపు 128 మెగాహెర్ట్జ్. మనం వినే ఎఫ్ఎం రేడియో 88 నుంచి 108 మధ్య ఉంటుంది. అంటే ఈ మెషిన్లు ఎఫ్ఎంకు ఇటూ అటూ పనిచేస్తున్నాయన్న మాట. బయటి తరంగాలు లోపలికి దూరకుండా ఆ గది గోడల్లో రాగి రేకు లాంటిది వేస్తారు.

క్షేత్రం పెరిగితే సిగ్నల్ పెరుగుతుంది. 3 టెస్లాలో లెక్క ప్రకారం సిగ్నల్ దాదాపు రెట్టింపు రావాలి గానీ ఆచరణలో అంత రాదు. మూర్ఛ రోగికి మెదడులో చిన్న మచ్చ వెతకాలన్నా, సన్నటి కీళ్లు, నరాలు చూడాలన్నా అది ఉపయోగమే. కానీ ఒంట్లో లోహం ఉంటే దాని చుట్టూ బొమ్మ చెదిరిపోవడం 3 టెస్లాలో ఎక్కువ. మామూలు నడుం, మోకాలు, తల స్కాన్లలో చాలా వాటికి 1.5 సరిపోతుంది. ‘పెద్ద నంబర్ అంటే మంచి రిపోర్టు’ అనుకుని ఎక్కువ డబ్బు కట్టే ముందు డాక్టర్‌ను ఒక్క మాట అడగండి: నా జబ్బుకు 3 టెస్లానే కావాలా?

‘ఆఫ్’ చేయలేని అయస్కాంతం

ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. ఆస్పత్రుల్లో ఉండే 1.5, 3 టెస్లా మెషిన్ల అయస్కాంతం సాధారణంగా సూపర్ కండక్టర్ తీగతో చేసింది. దాన్ని ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల చలిలో ఉంచుతారు. ఆ చలిలో తీగకు నిరోధం ఉండదు కాబట్టి ఒకసారి ఎక్కించిన కరెంటు తిరుగుతూనే ఉంటుంది. స్కాన్ అయిపోయినా, టకటక చప్పుడు ఆగినా, రాత్రి సెంటర్‌కు తాళం వేసినా, కరెంటు పోయినా ఆ 1.5 టెస్లా అలాగే ఉంటుంది.

2018 జనవరిలో ముంబైలోని ఒక ఆస్పత్రిలో బంధువుకు తోడుగా వచ్చిన యువకుడు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఎమ్మారై గదిలోకి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. మెషిన్ ఆపేసి ఉందని సిబ్బంది చెప్పారని బంధువులు అప్పట్లో ఆరోపించారు. ఆ మాట ఎవరు చెప్పినా నమ్మకూడదు. ఎమ్మారై అయస్కాంతం ఎప్పుడూ ఆన్‌లో ఉన్నట్టే లెక్క.

వస్తువును లాగే బలం టెస్లా అంకె ఒక్కదాని మీదే ఆధారపడదు. కొద్ది దూరంలో ఆ అంకె ఎంత వేగంగా మారుతుందో దాని మీద కూడా ఆధారపడుతుంది. ఆ మార్పు మెషిన్ నోటి దగ్గర చాలా ఎక్కువ. గది తలుపు దగ్గర ఏమీ అనిపించదు. నాలుగు అడుగులు వేయగానే చేతిలోని కత్తెర గాల్లోకి ఎగురుతుంది. 5 గాస్ గీత పెట్టింది అందుకే. అంత తక్కువ క్షేత్రం కూడా పాత పేస్‌మేకర్ల పనిని చెడగొట్టగలదని చాలాకాలంగా దాన్ని హద్దుగా పాటిస్తున్నారు.

మన ఇళ్లలో గుర్తుపెట్టుకోవాల్సినవి

హిజాబ్, దుపట్టా పిన్నులన్నీ తీసేయాలి. ఈ మధ్య మార్కెట్లో దొరికే మ్యాగ్నెట్ హిజాబ్ పిన్నులైతే మరీ జాగ్రత్త. అవి చిన్నవే అయినా గట్టి అయస్కాంతాలు. లోహపు డబ్బీలో ఉన్న తావీజ్, నల్లపూసలు, మంగళసూత్రం, మెట్టెలు, మొలతాడు, ముక్కుపుడక తీసి ఇంటివాళ్ల చేతికి ఇవ్వండి. ‘బంగారాన్ని అయస్కాంతం లాగదు కదా’ అని కొందరు వాదిస్తారు. లాగదు, నిజమే. కానీ స్కాన్‌లో వాడే రేడియో తరంగాల వల్ల గొలుసులు, ఉంగరాలు వేడెక్కి చర్మం కాలే ప్రమాదం ఉంది. కంటికి పెట్టుకునే సుర్మా, కాటుకల్లో కొన్నిటిలో లోహపు రజను ఉంటుంది, కడుక్కుని వెళ్లండి.

గల్ఫ్‌లో గానీ ఇక్కడ గానీ వెల్డింగ్, గ్రైండింగ్, లేత్ పని చేసినవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. ఎప్పుడో కంట్లో పడి మిగిలిపోయిన ఇనుప రజను ఆ క్షేత్రంలో కదిలితే చూపే పోవచ్చు. అనుమానం ఉంటే ముందు ఎక్స్‌రే తీసి చూస్తారు.

పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మెదడులో క్లిప్, స్టెంట్, రాడ్లు, ఇన్సులిన్ పంప్ ఉన్నవాళ్లు ఇంప్లాంట్ కార్డు వెంట తీసుకెళ్లండి. ఆపరేషన్ రోజు ఇచ్చిన ఆ కార్డును రేషన్ కార్డులా భద్రంగా దాచుకోవాలి. దాని మీద ‘1.5 టెస్లాలో షరతులతో సురక్షితం’ అనే అర్థంలో రాసి ఉంటే, ఆ షరతు 1.5కి మాత్రమే. 3 టెస్లా మెషిన్ కొత్తది, ఖరీదైనది కదా అని అందులో పడుకోకూడదు. తిరగేసి చూసినా అంతే. 3 టెస్లాకు ఒప్పుకున్న వస్తువు 1.5కి దానంతట అదే సురక్షితం అనుకోవద్దు. రేడియో ఫ్రీక్వెన్సీ మారితే లోహం వేడెక్కే తీరూ మారుతుంది. కార్డు మీద ఏ అంకె ఉందో ఆ అంకెకే అనుమతి. కార్డు పోయి ఉంటే ఆపరేషన్ చేసిన ఆస్పత్రి నుంచి వివరాలు తెప్పించుకున్నాకే స్కాన్‌కు వెళ్లండి.

ఎలా అడగాలి, ఎలా చెప్పాలి

ఫోన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు ‘మీ మెషిన్ పవర్ ఎంత?’ అని కాకుండా ‘మీ ఎమ్మారై ఎన్ని టెస్లా?’ అని అడగండి. ఆ వెంటనే ‘మా నాన్నగారికి పేస్‌మేకర్ ఉంది, కార్డు మీద ఇంత అని ఉంది, మీ దగ్గర చేయొచ్చా?’ అని అడగండి. కౌంటర్‌లో ఉన్నవాళ్లు తడబడితే టెక్నీషియన్‌తో గానీ రేడియాలజిస్ట్‌తో గానీ మాట్లాడించమనండి. ఫారం మీద టిక్కులు పెట్టేటప్పుడు తొందరపడొద్దు. పెద్దవాళ్లకు చదవడం రాకపోతే ఉర్దూలోనో తెలుగులోనో ఒక్కో ప్రశ్న చదివి వినిపించి, జవాబు అడిగి రాయండి.

బోర్డు మీది అంకె గొప్ప చెప్పుకోవడానికి కాదు. ఆ సొరంగంలో అయస్కాంత క్షేత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత అది. లోపలికి వెళ్లే మన మనిషి ఒంట్లో ఏముందో, కార్డు మీద ఏ అంకె ఉందో దాంతో సరిచూసుకున్నాకే తలుపు దాటనివ్వండి.